అర అంగుళం తెల్ల అంచు

ప్రేమలీల బ్లేజరు కుడిచేతి అంచును వెనక్కి తిప్పి, లోపలి కుట్టు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. తరువాత ఎడమచేయి కూడా తిప్పి చూసింది.

"ఇది నేను కుట్టింది కాదండీ. ఇది మా వాడి కోటు కాదు," అంది.

డిటెక్టివ్ ద్వారకానాథ్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు. శనివారం ఉదయం పది గంటలు. మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో ప్రేమలీల, జోజయ్యల ఇంట్లో డైనింగ్ టేబుల్ ముందు కూర్చున్నారు ముగ్గురూ. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు నోవా కనిపించకుండా పోయి అది పదో రోజు.

నోవాకి ఇరవై ఏళ్లు. లా రెండో సంవత్సరం. యూనివర్సిటీకి ఆనుకుని ఉన్న వెల్‌ఫోర్డ్ కాలేజీలో ఉండి చదువుకుంటున్నాడు. ఈ ఏడే ఆ కాలేజీ పడవ పందేల జట్టులోకి తీసుకున్నారు. పందెం ఇంకా పదకొండు రోజులు ఉందనగా బుధవారం సాయంత్రం మాయమయ్యాడు. మర్నాడు పొద్దున్న ఏడింటికి నది ఒడ్డున చెక్క మెట్టు మీద అతని బూట్లు, వాటి మీద మడతపెట్టిన ఈ బ్లేజరు దొరికాయి. ఎనిమిది రోజులు గజ ఈతగాళ్లు వెదికారు. ఏమీ దొరకలేదు. అబ్బాయి తనంతట తానే నీళ్లలో దిగాడని అందరూ అనుకున్నారు. ల్యాబు పరీక్షలన్నీ అయిపోయాయని పోలీసులు బ్లేజరును నిన్న తల్లిదండ్రులకు తిరిగి ఇచ్చేశారు.

"ఎలా చెప్పగలరు?" అని అడిగాడు ద్వారకానాథ్.

ఆవిడ చెప్పింది. జట్టులో ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ తొడగకూడని బ్లేజరు అది. ముదురు నీలం, అంచుల వెంట తెల్లటి పైపింగు. కొత్తది కొనుక్కోవడం ఆ కాలేజీలో నామోషీ. వెళ్లిపోయే సీనియరు తనది విప్పి వచ్చేవాడికి తొడుగుతాడు. మోచేతుల దగ్గర అతుకులు ఎన్ని ఉంటే అంత గొప్ప. తొడుక్కున్నవాడి పేరు లోపల కుట్టేది అతను కాలేజీ వదిలి వెళ్లే రోజున మాత్రమే. అప్పటిదాకా అది ఎవరిదో దాన్ని చూసి చెప్పలేరు. కింది బొత్తాం ఎప్పుడూ పెట్టకూడదు. చేతి అంచు కింద చొక్కా అర అంగుళం తెల్లగా కనబడాలి, ఎక్కువా కాదు, తక్కువా కాదు. నోవా పొడగరి. అతనికి వచ్చిన బ్లేజరు పొట్టివాడిది. రెండంగుళాల చొక్కా బయటకు కనబడుతుంటే భోజనాల దగ్గర కుర్రాళ్లు నవ్వారట. బయటి దర్జీకి ఇవ్వడం కాలేజీ ఆచారానికి విరుద్ధం. అందుకని ఆదివారం చర్చి అయ్యాక ఎవరికీ చెప్పకుండా తల్లి దగ్గరకు పట్టుకొచ్చాడు.

ప్రేమలీల ఆస్పత్రిలో నర్సు. కానీ చేతి పని ఆమెకు నర్సాపురంలో వాళ్లమ్మ దగ్గర పట్టుబడింది. వాళ్లమ్మ జీవితమంతా లేసు అల్లింది. లోపల మడిచి ఉన్న గుడ్డను దింపి, ప్రతి నాలుగో కుట్టుకూ ఒక ముడి వేసి హెమ్మింగు చేసింది ప్రేమలీల. పాత మడత ఉన్నచోట సన్నటి గీత మిగిలింది. ఎంత ఇస్త్రీ చేసినా పోలేదు. టేబుల్ మీద ఉన్న బ్లేజరుకు గీత లేదు, ముడి లేదు. లోపలి గుడ్డ దించనే లేదు.

"మీరు ముందే చూడలేదా?" అని అడిగి, అడిగినందుకు తనే సిగ్గుపడ్డాడు ద్వారకానాథ్. నిన్నటిదాకా దాన్ని ఆమెకు ప్లాస్టిక్ సంచిలోనే చూపించారు. ఇది మీ అబ్బాయిదేనా అంటే, నీలం రంగు, తెల్ల పైపింగు చూసి తల ఊపింది.

జోజయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నర్సాపురంలో బడి పంతులుగా పనిచేసి వచ్చినవాడు, ఇక్కడ ఇరవై ఏళ్లుగా బస్సు నడుపుతున్నాడు. వారం నుంచి ప్రార్థనకు కూడా వెళ్లడం మానేశాడు. "ఏ కోటైతే ఏముందండీ," అన్నాడు, మెల్లగా. "లోపల మనిషి లేడు కదా."

ద్వారకానాథ్ ఒకప్పుడు రాజమండ్రిలో క్రైమ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మనిషి. పదిహేనేళ్లుగా మెల్‌బోర్న్‌లో ప్రైవేటు డిటెక్టివు. ఈ కేసులో మొదటి రోజు నుంచి అతను ఒకే ఒక్క అంకెను పట్టుకుని కూర్చున్నాడు. ఐదూ ఆరు. బుధవారం సాయంత్రం ఐదు గంటల ఆరు నిమిషాలకు నోవా ఫోను ఆగిపోయింది. అప్పుడే తల్లి ఫోన్ చేసింది. రెండుసార్లు మోగాక అవతల ఎవరో కట్ చేశారు. వెంటనే ఫోను మూగబోయింది. చనిపోయే ముందు కొడుకు తన కాల్ కట్ చేశాడని ప్రేమలీల పది రోజులుగా నమ్ముతోంది. ద్వారకానాథ్ కూడా అదే నమ్మాడు. ఆ సమయానికి జట్టు మొత్తం కాలేజీ పచ్చికలో ఫొటో దిగుతూ ఉంది. కాబట్టి నోవా పక్కన ఎవరూ లేరు. మూడో రోజున అతనే ఈ తల్లిదండ్రులను కూర్చోబెట్టి, మనసు గట్టి చేసుకోమని చెప్పాడు.

ఇప్పుడు అతను ఆ బ్లేజరు లోపలి జేబులో చెయ్యి పెట్టి చూశాడు.

"మామూలుగా నోవా ఫోను ఎక్కడ పెట్టుకుంటాడు?"

"కోటు లోపలి జేబులో," అంది ప్రేమలీల.

కాలేజీకి తనూ వస్తానంది ఆవిడ. వద్దన్నా వినలేదు. జోజయ్య కారు నడిపాడు.  పదకొండున్నరకు వెల్‌ఫోర్డ్ కాలేజీ పార్కింగులో వాళ్లిద్దరినీ కారులోనే ఉండమని చెప్పి, బ్లేజరు ఉన్న సంచి పట్టుకుని ద్వారకానాథ్ లోపలికి వెళ్లాడు.

భోజనశాల బయట వరండాలో అడ్డం వచ్చాడు విష్ణువర్ధన్.

వరంగల్ మనిషి, అక్కడ ఒకప్పుడు పోలీసు. నలభై ఐదేళ్లుంటాయి. ఆరేళ్లు ద్వారకానాథ్‌తో కలిసి ఒకే డిటెక్టివ్ ఆఫీసులో పనిచేశాడు. తరువాత విడిపోయి ఈ కాలేజీకి సెక్యూరిటీ అధికారిగా చేరాడు. ఈ కేసులో మొదటి రోజు నుంచి ఇద్దరికీ పడటం లేదు. నోవా గది తాళం అడిగితే రెండు రోజులు తిప్పాడు. పడవల షెడ్డు దగ్గర కెమెరా రికార్డు అడిగితే, ఆ వారం కెమెరా చెడిపోయిందన్నాడు. ఈ పది రోజుల్లో మనిషి బాగా చిక్కిపోయాడు. ఒంటి మీద షర్టు వదులైంది.

"మళ్ల ఎందుకొచ్చినవన్నా? ఆ తల్లిని ఇంకెన్ని రోజులు తిప్పుతవ్?"

"ఫొటో చూసి పోతాను."

"చూసినవ్ కదా. ఏడుగురు పోరగాండ్లు, పడవ నడిపించేటోడు ఒకడు. టైము ఉంది. ఇంకేం కావాలె?"

"టైమును చూశాను విష్ణూ. పిల్లల్ని చూడలేదు," అన్నాడు ద్వారకానాథ్, అతన్ని దాటుకుని వెళ్తూ.

ఫొటోకు అప్పుడే ఫ్రేము కట్టి గోడకు తగిలించారు. ముందు వరుసలో నలుగురు కుర్చీల్లో కూర్చున్నారు, చేతులు మోకాళ్ల మీద. వెనక వరుసలో మిగిలిన నలుగురు నిలబడ్డారు, మధ్యలో ఒక మనిషికి సరిపడా ఖాళీ. ఆలస్యంగా వస్తాడని నోవాకి ఉంచిన చోటు అది. ద్వారకానాథ్ ముఖాలు వదిలేసి చేతులు చూశాడు. ఒక్కో మణికట్టు దగ్గరా సన్నటి తెల్ల గీత, కొలిచి పెట్టినట్టు. ముందు వరుసలో కుడివైపు చివరి కుర్రాడికి మాత్రం లేదు. అతని బ్లేజరు చెయ్యి వేళ్ల కణుపుల దాకా దిగిపోయింది. చొక్కా కనబడటం లేదు. అంచుకు కొంచెం పైన, గుడ్డ మీద సన్నటి గీత.

ఆ కుర్రాడు ఇవాన్.

 ఇవాన్ వాళ్లదీ తెలుగు కుటుంబమే, ప్రేమలీల వాళ్ల చర్చే. నోవాతో పాటే ఈ ఏడు జట్టులోకి వచ్చాడు. నోవా పోయినప్పటి నుంచి రోజూ సాయంత్రం క్రెయిగీబర్న్ వచ్చి ప్రేమలీల పక్కన నేల మీద కూర్చుని ఆమెతో పాటు ప్రార్థన చేస్తున్నాడు. ఆవిడ ఆ పిల్లాడికి అన్నం పెట్టి పంపుతోంది.

పక్కనే నోటీసు బోర్డుకు ఫొటోగ్రాఫరు నమూనా కాగితం గుచ్చి ఉంది, ఎవరికి ఏ ఫొటో కావాలో రాసుకోవడానికి. ఐదు చిన్న ఫొటోలు, ఒక్కోదాని కింద టైము. మొదటిది ఐదూ రెండు. నాలుగోది ఐదూ ఆరు. ఆ నాలుగో దాంట్లో ఏడుగురు కెమెరా వైపు చూస్తున్నారు. ఇవాన్ తల వంచి ఉంది. కుడిచెయ్యి కోటు లోపలి జేబులో ఉంది.

నోవా ఫోను ఆపింది నోవా కాదు. ఐదూ ఆరుకూ నోవా చావుకూ ఏ సంబంధమూ లేదు. నోవా కోటు ఫొటోలోనే ఇవాన్ ఒంటి మీద ఉందంటే, నదిలో ఏం జరిగినా ఫొటోకు ముందే, జట్టులో ఎవరైనా నది దగ్గర ఉండగలిగిన సమయంలోనే జరిగింది.

వెనక్కి తిరిగేసరికి విష్ణువర్ధన్ కూడా అదే కాగితాన్ని చూస్తున్నాడు.  ఈసారి ద్వారకానాథ్‌ను ఆపలేదు.

ఇవాన్ పడవల షెడ్డులో ఒంటరిగా తెడ్లు తుడుస్తూ కనిపించాడు. ద్వారకానాథ్ అతని ఎదురుగా బల్ల మీద కూర్చుని, సంచిలోంచి బ్లేజరు తీసి ఒళ్లో పెట్టాడు.

"ఇది నీది కదా?"

కుర్రాడు చూసి, చేతిలో ఉన్న గుడ్డను నేల మీద పడేశాడు. అబద్ధం చెప్పడానికి కూడా ప్రయత్నించలేదు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు అర్థమవుతుంది కానీ ఇంగ్లీషులోనే చెప్పుకొచ్చాడు. 

బ్లేజరు కొత్తగా అందుకున్నవాడు నది ఈది అవతలి ఒడ్డు తాకి తిరిగి రావాలి. క్రాసింగ్ అంటారు దాన్ని. అరవై ఏళ్ల నాటి ఆచారం. ఇక్కడ చలికాలమైన ఆగస్టు నెలలో, నీళ్లు కత్తుల్లా ఉన్నప్పుడే చెయ్యాలి. బుధవారం నాలుగుంపావుకు నోవా, ఇవాన్ ఇద్దరూ బ్లేజర్లు విప్పి చెక్క మెట్టు మీద పెట్టారు. నోవా బూట్లు కూడా విప్పాడు. ముందు దిగింది నోవా. మధ్యలో ఒకసారి మునిగి లేచాడు. కెప్టెన్ ఎవరినీ కదలనివ్వలేదు, దాటేవాడు నోరు తెరిచి పిలిస్తే తప్ప దిగకూడదని రూలు. నోవా పిలవలేదు.

"మునిగిపోయాడా?"

ఇవాన్ తల అడ్డంగా ఊపాడు. నాలుగున్నరకు అవతలి ఒడ్డు ఎక్కాడట నోవా. ఎక్కి, ఇక తన వల్ల కాదని చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. తన కోటు తెచ్చిపెట్టమని చెయ్యి ఊపాడు. తిరిగి ఈదుకుంటూ వచ్చి తీసుకో అని ఇటునుంచి కేకలేశారు. నాలుగూ నలభైకి కెప్టెన్ వాచీ చూసుకుని, ఫొటోకు టైమైంది, వాడే వస్తాడు అన్నాడు. అందరూ బయలుదేరారు. ఇవాన్ కంగారులో చేతికి దొరికిన బ్లేజరు తొడుక్కున్నాడు. ఫొటో తీస్తుంటే జేబులో ఫోను మోగింది. అప్పుడు తెలిసింది అది నోవా కోటని. స్క్రీను మీద 'మమ్మీ' అని ఉంది. కెమెరా ముందు భయపడి ఆపేశాడు.

"నేనే కట్ చేశాను అంకుల్," అన్నాడు, ఈసారి తెలుగులో. "ఆంటీ రోజూ నన్ను అడుగుతుంది, వాడు నా కాల్ ఎందుకు కట్ చేశాడు అని. నేను పక్కనే కూర్చుంటాను."

ద్వారకానాథ్‌కి ఆ పిల్లాణ్ణి కొట్టాలనిపించింది. దగ్గరకు తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. తరువాత ఏమైందని మాత్రం అడిగాడు.

ఫొటో అవగానే కోటు పట్టుకుని వంతెన మీదుగా అవతలికి పరుగెత్తాడు ఇవాన్. ఐదూ ఇరవై ఐదుకు చేరాడు. నోవా ఉన్నాడు. బతికే ఉన్నాడు. దుప్పటి చుట్టి ఉంది. పక్కన మోకాళ్ల మీద ఒక మనిషి. కారు స్టార్టు చేసి ఉంది. కోటు అందుకుని, నేను ఆస్పత్రికి తీసుకుపోతున్నా, నువ్వు పో, ఎవరికీ చెప్పకు అన్నాడు ఆ మనిషి. మర్నాడు పొద్దున్న నోవా కనబడటం లేదని కాలేజీలో ప్రకటించారు. ఇవాన్ వెళ్లి ఆ మనిషినే నిలదీస్తే, ఒడ్డున దొరికిన బ్లేజరు ఎవరిదో గుర్తు తెచ్చుకో, నోరు తెరిస్తే ముందు ఇరుక్కునేది నువ్వే అన్నాడు.

"ఎవరా మనిషి?"

ఇవాన్ ద్వారకానాథ్ భుజం మీదుగా తలుపు వైపు చూశాడు.

విష్ణువర్ధన్ అక్కడ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, బోర్లించిన పడవకు వీపు ఆనించాడు.

"పిల్లగాన్ని పంపెయ్యన్నా. మిగిలింది నేను చెప్త."

"వాడు ఇక్కడే ఉంటాడు. చెప్పు."

చెప్పాడు. గొంతు పెంచలేదు, ఆగలేదు. ఇన్నాళ్లూ లోపల వల్లించుకున్న పాఠంలా ఉంది. ఐదూ పదికి కెమెరాలో అవతలి ఒడ్డున మనిషిని చూశాడు. కారేసుకుని పోయాడు. తడి బట్టలు విప్పి దుప్పటి చుట్టాడు, కారులో హీటర్ పెట్టాడు. ఆస్పత్రి పది నిమిషాల దూరం. బయలుదేరే ముందు ఉద్యోగ ధర్మంగా కాలేజీ వార్డెన్‌కు ఫోన్ చేశాడు. ఆస్పత్రికి పోతే క్రాసింగ్ సంగతి బయటపడుతుంది, అబ్బాయి మాట్లాడుతున్నాడు కదా, కాలేజీ డాక్టర్ని పంపిస్తా, అక్కడే ఉండు అన్నాడు వార్డెన్. విష్ణువర్ధన్ ఉన్నాడు. డాక్టరు నలభై ఐదు నిమిషాలకు వచ్చాడు. అప్పటికి నోవా వణకడం ఆగి చాలాసేపైంది. వణుకు ఆగితే కోలుకుంటున్నాడనుకున్నాడు విష్ణువర్ధన్.

"నువ్వు పోలీసోడివి కదరా ఒకప్పుడు," అన్నాడు ద్వారకానాథ్. "చలికి వణుకు ఆగితే మనిషి పోతున్నట్టేనని నీకు తెలీదా?"

"తెల్వదన్నా. మా వరంగల్‌ల చలికి ఎవరు సచ్చిన్రు?"

"ఎక్కడున్నాడు వాడు?"

విష్ణువర్ధన్ కింద చూశాడు. గజ ఈతగాళ్లు వెదికింది చెక్క మెట్టు నుంచి కిందికి, ప్రవాహం వెంట. అతను చెప్పిన చోటు ఎగువన ఉంది. రెండు కిలోమీటర్ల పైన, ఆనకట్ట వెనక, చెట్ల వేళ్ల కింద. నీళ్లలోంచి బయటికొచ్చిన పిల్లాణ్ణి మళ్లీ నీళ్లలోనే పెట్టారు. అతను, డాక్టరు.  ఇవాన్ నేల మీద కూలబడ్డాడు.

"ఎందుకు చెబుతున్నావు ఇప్పుడు?"

"పది రోజుల సంది ఎవరన్న అడుగుతరేమోనని చూస్తున్న. అందరు టైము అడిగిన్రు. కెమెరా అడిగిన్రు. నువ్వు సైతం. ఆ పిల్లగాడు బతికే బయటికొచ్చిండా అని ఒక్కరడగలే." బోర్లించిన పడవ మీద అరచెయ్యి ఆనించాడు. "కారుల నాతోని మాట్లాడిండన్నా. మొదట ఇంగ్లీష్‌ల. సివరికి తెలుగుల ఒక మాటన్నడు. అప్పుడు ఆడ ఆ మాట తెలిసెటోన్ని నేనొక్కన్నే. వాడు ఏమన్నడంటే..."

"నాకు చెప్పకు," అన్నాడు ద్వారకానాథ్. "అది వినాల్సిన మనిషి బయట కారులో కూర్చుంది. పద."

విష్ణువర్ధన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. పోలీసుల దగ్గరకు వస్తా, జైలుకు పోతా, ఆ పని మాత్రం చెప్పకు అన్నాడు. ద్వారకానాథ్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకునే బలం ఆ మనిషిలో లేదు.

ముగ్గురూ పచ్చిక దాటి పార్కింగుకు వచ్చారు. కారు తలుపు తెరిచి ప్రేమలీల దిగింది. ముగ్గురి ముఖాలూ చూసింది. అప్పుడే అర్థమైపోయినట్టు కారుకు చెయ్యి ఆనించుకుంది. జోజయ్య అవతలి నుంచి చుట్టూ తిరిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఫోను కట్ చేసింది నోవా కాదని ముందుగా చెప్పాడు ద్వారకానాథ్. కొడుకు తనంతట తాను నీళ్లలో దిగలేదనీ, బతకాలని అవతలి ఒడ్డు ఎక్కాడనీ చెప్పాడు. ఆ తరువాతది కూడా చెప్పాడు, ఏదీ దాచకుండా. జోజయ్య కళ్లు మూసుకున్నాడు. ఇవాన్ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆవిడ ఇవాన్ వైపు చూడలేదు, తిట్టనూ లేదు.

"చివర్లో తెలుగులో ఏదో అన్నాడటమ్మా," అన్నాడు ద్వారకానాథ్. "ఇతను విన్నాడు."

"తెలుగులోనా?" అంది ఆవిడ. "వాడు ఇంట్లో కూడా నాకు ఇంగ్లీషులోనే జవాబిస్తాడే."

విష్ణువర్ధన్ ఆమె ముఖంలోకి చూడలేక ఆమె చేతుల వైపు చూస్తూ చెప్పాడు.

"నాకు నిద్ర వస్తుంది, మమ్మీని రమ్మను అన్నడమ్మా."

 సరిగా వినబడలేదేమో అన్నట్టు ఆవిడ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఇంకోసారి చెప్పండి."

అతను చెప్పాడు.

"ఇంకోసారి."

ద్వారకానాథ్ పక్కకు తిరిగి పోలీసులకు ఫోన్ చేశాడు. తన పేరు చెప్పాడు, నోవా పేరు చెప్పాడు. వెదకవలసింది కింద కాదు, ఆనకట్టకు పైన అని చెబుతుండగా, అవతలి మేడ మెట్ల మీదికి వార్డెన్ వచ్చి నిలబడ్డాడు. కాసేపు ఇటు చూసి, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. వెనక విష్ణువర్ధన్ ఆ మాటను మూడోసారి చెబుతున్నాడు.